మిణుగురు డైరీ: రెండు నాబ్‌ల ఎల్‌ఏ-2ఏని సాఫ్ట్‌వేర్‌లోకి దించే పని

జనవరి 5

కృష్ణానగర్‌లో మావాడికి ఒక రికార్డింగ్ రూమ్ ఉంది. రూమ్ అంటే నిజంగా రూమే, రెండో అంతస్తులో పది బై పన్నెండు, గోడలకి ఫోము, కిటికీకి పాత పరుపు అడ్డం. జానపదాలు, డబ్బింగు, షార్ట్ ఫిల్మ్‌లు, ఏదొస్తే అది చేస్తాడు. నిన్న జానపదాలు పాడే ఒక అక్క వచ్చింది, ఆవిడ పల్లవి ఎత్తుకుంటే పక్క ఫ్లాట్‌లో కుక్క లేచింది, అదే అక్క చరణం దగ్గరికొచ్చేసరికి చెవిలో చెప్పినట్టు పాడుద్ది. మావాడు సాఫ్ట్‌వేర్‌తో పాటు ఊరికే వచ్చిన కంప్రెసర్ పెట్టాడు, గట్టిగా వచ్చిన సౌండ్‌ని తనంతట తానే తగ్గించేది. గట్టిగా పడితే గొంతు పిసికినట్టుంది, వదిలేస్తే మీటరు ఎర్రబడుతోంది.

"ఎల్‌ఏ-2ఏ అసుంటిది ఒక్కటుంటే ఈ లొల్లే ఉండకపోవురా" అన్నాడు.

అసలు పెట్టె కొనాలంటే లక్షల్లో మాట. దాని సాఫ్ట్‌వేర్ నకళ్ళు బోలెడు దొరుకుతాయి, కొనుక్కోవచ్చు, ఆ సంగతి నాకూ తెలుసు. కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాదాపూర్‌లో ఇంకెవరిదో కోడ్ సరిచేసేవాడికి రాత్రిపూట తనకంటూ ఒకటి ఉండాలి కదా. అందుకే ఇవాళ ఫోల్డర్ ఓపెన్ చేశా. పేరు మిణుగురు. ఆ పేరెందుకో పోను పోను మీకే తెలుస్తుంది.

తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. ఎల్‌ఏ-2ఏ అంటే లెవలింగ్ యాంప్లిఫయర్. కాలిఫోర్నియాలో పసడీనాలో టెలిట్రోనిక్స్ అనే చిన్న కంపెనీ పెట్టిన జేమ్స్ లారెన్స్ 1960ల మొదట్లో దీన్ని తయారుచేశాడు. ఆయన రేడియో మనిషి, మాటలో పాటలో లెవెల్ పెరిగినప్పుడల్లా చేత్తో నాబ్ తగ్గించీ పెంచీ విసిగిపోయినవాడు. అంతకుముందు టైటాన్ క్షిపణుల ప్రాజెక్టులో కాంతిని పట్టే సెన్సర్ల మీద పని చేశాడట, ఆ బుర్రని తీసుకొచ్చి ఇక్కడ పెట్టాడు. సౌండ్ ఎంత గట్టిగా ఉంటే లోపల ఒక చిన్న పలక అంతగా వెలుగుద్ది, ఆ వెలుగు ఎదురుగా ఉన్న ఫోటోసెల్ మీద పడుద్ది, వెలుగు పడేకొద్దీ సెల్ రెసిస్టెన్స్ తగ్గి సౌండ్‌ని గ్రౌండ్‌లోకి వంపేస్తుంది. అంతే, ఆ పలకా సెల్లూ కలిపి ఒక చిన్న డబ్బాలో పెట్టి దానికి టీ4 అని పేరు పెట్టారు. బయట చూస్తే రెండే పెద్ద నాబ్‌లు, గెయిన్, పీక్ రిడక్షన్, అంతకుమించి చెప్పుకోదగ్గది లిమిట్, కంప్రెస్ అనే స్విచ్చి. 1967లో స్టూడియో పరికరాలు తయారుచేసే బిల్ పట్నమ్ ఆ కంపెనీ సరుకంతా కొనేశాక స్టూడియోల్లో ఇంకా పాతుకుపోయింది.

జనవరి 27

మూడు వారాలు ట్యూబుల మీద, అంటే పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వుల మీద తగలేశా. ఒప్పుకుంటున్నా.

నా లెక్క ఏంటంటే పాత పెట్టె, నాలుగు వాల్వులు, కాబట్టి మజా అంతా వాల్వుల్లోనే ఉంటుంది. రెండు 12ఏఎక్స్7లు, ఒక 12బీహెచ్7, వెలుగు పలకని తోలడానికి ఒక 6ఏక్యూ5. 12ఏఎక్స్7కి ట్యూబులో కరెంటు ఎంత పోతుందో లెక్కేసే కోరెన్ అనే ఆయన ఫార్ములా తీసుకున్నా, మ్యూ (ట్యూబు ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ నంబరు) 100, ఘాతం 1.4, మిగతా నంబర్లు ఆయన ఇచ్చినవే, వేవ్ డిజిటల్ ఫిల్టర్ పద్ధతిలో స్టేజీలన్నీ కట్టా. వేవ్ డిజిటల్ అంటే సర్క్యూట్‌లో వోల్టేజీ కరెంటూ విడివిడిగా లెక్కెయ్యకుండా రెంటినీ కలిపి పోయే అలా, తిరిగొచ్చే అలా అని లెక్కెయ్యడం, 1970ల్లో జర్మనీలో ఫెట్వైస్ అనే ఆయన తయారుచేసిన పద్ధతి. రెసిస్టరు, కెపాసిటరు ఒక్కొక్కటి ఒక్కో చిన్న క్లాసు, సీరీస్, ప్యారలల్ అని చెట్టులాగా కట్టుకుంటూ పోవడమే, కోడ్ చూస్తే ముచ్చటేస్తుంది.

ముచ్చటేసింది కానీ వినిపించలేదు. అక్క గొంతు అందులోంచి పంపి, మామూలు లెవెల్‌లో హార్మోనిక్స్, అంటే అసలు స్వరానికి ట్యూబులు కలిపే పై స్వరాలు, కొలిస్తే ఒక శాతం కూడా లేవు. సర్క్యూట్‌లో అవుట్‌పుట్‌ని కొంత వెనక్కి తిప్పి తప్పులు సరిచేసే ఫీడ్‌బ్యాక్ అంత పెట్టింది అందుకే కదా, లారెన్స్ గారికి కావలసింది శుభ్రమైన సౌండే, ఈ "వెచ్చదనం" గోలంతా తర్వాత పుట్టింది. మావాడికి ట్యూబు స్టేజి ఆన్ చేసి ఆఫ్ చేసి వినిపించా.

"నాకైతే ఏం ఫరక్ తెలుస్తలేదు" అన్నాడు. కాసేపాగి, "నీ ల్యాప్‌టాప్ ఫ్యాను మాత్రం మస్తు తిరుగుతుంది" అని కూడా అన్నాడు.

ఆ కోడ్ అంతా పక్కన పెట్టేశా. దాని బదులు మెత్తటి వంపు ఒకటి, రెండో హార్మోనిక్ కాస్త ఎక్కువ ఉండేలా, పది లైన్లు. మూడు వారాల పనికీ పది లైన్లకీ తేడా కనిపెట్టిన మగాడు ఇంతవరకూ లేడు.

ఫిబ్రవరి 2

ఫోటోసెల్ దగ్గరికి వచ్చా, రావాల్సింది మొదట్లోనే.

పాత మాన్యువల్‌లో రాసింది ఇదీ: అందుకోవడానికి 10 మిల్లీసెకన్లు, వదిలేటప్పుడు సగం దాకా 60 మిల్లీసెకన్లలో వదిలేస్తుంది, మిగతా సగానికి అర సెకను నుంచి 5 సెకన్ల దాకా పడుద్ది, అది కూడా అంతకుముందు ఎంత గట్టిగా ఎంతసేపు పట్టిందో దాన్నిబట్టి. ఈ చివరి ముక్క దగ్గర ఆగిపోయా. మామూలు కంప్రెసర్ కోడ్‌లో అటాక్ ఒక నంబర్, రిలీజ్ ఒక నంబర్. ఇక్కడ రిలీజ్ నంబర్ కాదు, జ్ఞాపకం. కాడ్మియం సల్ఫైడ్ సెల్‌కి ఇందాక ఎంత వెలుతురు చూసిందో గుర్తుంటుంది, ఎక్కువసేపు చూస్తే నిదానంగా మర్చిపోతుంది. ఈ కాడ్మియం మీద యూరప్‌లో ఆంక్షలు పెట్టాక ఇలాంటి సెల్స్ మంచివి దొరకడమే కష్టమైపోయింది.

కాగితాల మీద ఫార్ములాలు కొన్ని దొరికాయి, వాటిని పట్టుకుని కోడ్ రాయొచ్చు కానీ ట్యూబులతో తిన్న దెబ్బ ఇంకా ఆరలేదు. ఈసారి ముందు కొలుద్దాం, తర్వాతే రాద్దాం అనుకుని శనివారం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళా. ఎల్‌డీఆర్‌లు (వెలుతురు పడితే రెసిస్టెన్స్ తగ్గే ఈ సెల్సే) పది, ఆకుపచ్చ ఎల్‌ఈడీలు పది, 68కే, అంటే 68 వేల ఓముల రెసిస్టర్లు ఒక స్ట్రిప్పు, షాపాయన "స్ట్రీట్ లైట్ ప్రాజెక్టా బాబూ?" అని అడిగాడు, కాలేజీ పిల్లలంతా అదే చేస్తారు కాబోలు. అవునన్నా. చెప్పడం మొదలెడితే సాయంత్రమైపోద్ది.

ఫిబ్రవరి 3

సెటప్పు: పాత స్కెచ్ పెన్ను గొట్టం, ఒక చివర ఎల్‌ఈడీ, ఇంకో చివర ఎల్‌డీఆర్, చుట్టూ నల్ల ఇన్సులేషన్ టేపు. ఆడియో ఇంటర్‌ఫేస్ నుంచి 1 కిలోహెర్ట్జ్ టోను 68కే రెసిస్టర్ గుండా పంపుతా, ఎల్‌డీఆర్ అక్కణ్ణుంచి గ్రౌండ్‌కి, మధ్యలో వైరు తీసి మళ్ళీ ఇంటర్‌ఫేస్‌లోకి. ఎల్‌ఏ-2ఏలో ఉన్నది కూడా ఈ 68కే, ఇలాంటి సెల్లే కాబట్టి రికార్డయిన లెవెల్ చూస్తే చాలు, సౌండ్ ఎంత తగ్గిందో తెలుస్తుంది, అదే గెయిన్ రిడక్షన్. సెల్ 68కేకి దిగితే 6 డీబీ (డెసిబెల్), అంటే సగానికి తగ్గాలి, 10కేకి దిగితే దాదాపు 18.

మొదటి రోజు కొలతలన్నీ చెత్తబుట్టలోకి. ఎల్‌ఈడీ ఆపేసి, సెల్ చీకట్లో ఉన్నప్పుడే 18 డీబీ తగ్గి కూర్చుంది, వెలిగిస్తే ఇంకో ఐదారు, అంతే. ఎల్‌డీఆర్ మార్చా. ఇంకోటి మార్చా. పదిలో ఆరు మార్చాక రాత్రి పన్నెండున్నరకి బుర్ర వెలిగింది, నేను లైన్ ఇన్‌పుట్‌లోకి గుచ్చా, దాని ఇంపెడెన్స్ 10కే, అంటే సెల్ పక్కన నేనే ఇంకో 10కే రెసిస్టర్ తీసుకెళ్ళి కట్టేశా. గిటార్ ఇన్‌పుట్‌లోకి మార్చా, అది 1 మెగా, చీకట్లో లాస్ ఒక డీబీ దగ్గరికి వచ్చింది. బీటెక్‌లో లోడింగ్ ఎఫెక్ట్ మీద పది మార్కుల ప్రశ్న రాసినవాణ్ణే నేను.

ఫిబ్రవరి 4

పొద్దున ఒక కొలత, రాత్రి ఒక కొలత. టేపులోంచి వెలుతురు దూరుతోంది. కంటికి నల్లగా కనిపిస్తుంది కానీ సెల్‌కి కాదు. మొత్తాన్నీ స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి మూత బిగించి, వైర్లు వచ్చే కంత దగ్గర ఇంట్లో ఉన్న చపాతీ పిండి మెత్తా. నవ్వకండి, పనిచేసింది. ఆనక ఎండి రాలిపోయింది, అది వేరే సంగతి.

ఫిబ్రవరి 16

ఎల్‌ఈడీతో తృప్తి లేదు. అసలు టీ4లో ఎల్‌ఈడీ కాదు ఉండేది, ఎలక్ట్రోల్యూమినిసెంట్ పలక. రెండు రేకుల మధ్య పౌడరు, దానికి ఏసీ వోల్టేజీ ఇస్తే ఆకుపచ్చా నీలం కలిసిన రంగులో చల్లగా వెలుగుద్ది, వేడి ఉండదు, అచ్చం మిణుగురులాగా. ప్రాజెక్టు పేరు అక్కడిదే. ఇంకో సుఖం ఏంటంటే ఏసీలో పైకి వెళ్ళినా కిందికి వెళ్ళినా రెండుసార్లూ వెలుగుద్ది, అంటే రెక్టిఫయర్ డయోడ్లు పెట్టక్కర్లేకుండా ఆ పలకే ఆ పని చేసేస్తుంది. 50 హెర్ట్జ్ బేస్ నోటు వస్తే వెలుగు సెకనుకి 100 సార్లు వణుకుద్ది, సెల్ నిదానంది కాబట్టి చాలావరకు సర్దేసుకుంటుంది, మిగిలిన కాస్త వణుకే ఈ పెట్టెలో కింది స్వరాలకి అంటుకునే చిన్న డిస్టార్షన్. డయోడ్ పెట్టి సగటు తీసే మామూలు కోడ్‌లో ఇది రాదు.

ఆన్‌లైన్‌లో పోస్ట్‌కార్డంత ఈఎల్ షీటు తెప్పించా. దాంతో వచ్చిన ఇన్వర్టరు ఒకే వెలుగు ఇస్తుంది, నాకేమో ఆడియోతో పాటు ఆడాలి. అందుకని టీడీఏ2030 యాంప్ బోర్డు, 24 వోల్టుల అడాప్టరు, దాని అవుట్‌పుట్‌ని పాత ట్రాన్స్‌ఫార్మర్‌కి తిరగేసి కట్టా, అంటే 6-0-6 వైపు యాంపు, 230 వైపు షీటు. ఐదారు వోల్టులు ఇస్తే అవతల వందకి పైనే. ఒకసారి మర్చిపోయి వైరు ముట్టుకున్నా, మోచేతి దాకా జివ్వుమంది. అప్పట్నుంచి ఎడం చెయ్యి జేబులో పెట్టుకుని పని చేస్తున్నా, మా ఐటీఐ మావయ్య చిన్నప్పుడు చెప్పిన పద్ధతి.

రాత్రి లైట్లు ఆపి, టెస్టు టోను బదులు అక్క రికార్డింగ్ పంపా. గది చీకటి, టేబుల్ మీద ఆ షీటు ఒక్కటే. అక్క పల్లవి ఎత్తుకోగానే షీటు భగ్గుమని కాదు, మెల్లిగా పచ్చగా ఊపిరి పోసుకున్నట్టు వెలిగింది, చరణంలో దాదాపు ఆరిపోయింది, "ఓ" అని సాగదీసిన చోట అలా నిలబడింది. స్పీకర్లు ఆఫ్‌లో ఉన్నాయి. అయినా పాట వినిపిస్తోంది. ముందు హెడ్‌ఫోన్ లీకేమో అనుకున్నా, తీసి చూస్తే అదీ కాదు. చెవి దగ్గర పెడితే షీటే పాడుతోంది, దోమ గొంతుతో. రెండు రేకులూ వోల్టేజీకి ఒకదాన్నొకటి లాక్కుంటూ వణుకుతాయి కదా, ఆ వణుకే సౌండు. పావుగంట అలాగే విన్నా. ఆ రాత్రి కొలతలేం తియ్యలేదు.

ఫిబ్రవరి 23

కొలతలు. షీటుని 400 హెర్ట్జ్‌తో వెలిగించి, పదో వంతు సెకను, ఒక సెకను, పది సెకన్లు, ఒక నిమిషం, ఇలా నాలుగు రకాలుగా వెలుగు చూపించి ఆపేసి, ఆపాక 20 సెకన్లు రికార్డు చేశా. ఒక్కోటి ఐదుసార్లు. మధ్యలో ఒకసారి కరెంటు పోయింది, ఆ ఫైల్ కూడా దాచా, దానికి పేరు కూడా అదే.

గ్రాఫులు ఒకదాని మీద ఒకటి పెడితే మొదటి కొంత దూరం నాలుగు గీతలూ ఒకే దారిలో పడ్డాయి, ఆ తర్వాతే విడిపోయాయి. పదో వంతు సెకను చూసిన సెల్ గబుక్కున ఇంటికి చేరిపోయింది, నిమిషం చూసినది 20 సెకన్ల చివర కూడా ఇంకా గుమ్మం దగ్గరే ఉంది. ఇంకోటి కూడా చూశా, రాత్రంతా డబ్బాలో ఉన్న సెల్‌కి, పొద్దున కిటికీ దగ్గర పెట్టిన సెల్‌కి అదే వెలుగు చూపిస్తే రీడింగు వేరే. చీకట్లో ఉన్నదే ఎక్కువ దిగింది.

దీన్ని కోడ్‌లో ఎలా పెట్టాలి అని రెండు రోజులు కొట్టుకుని, మా అపార్ట్‌మెంట్‌లో మంజీరా నీళ్ళు వచ్చే టైముకి దొరికింది. ఒకే పంపు నుంచి బిందె, డ్రమ్ము, సంపు మూడూ నిండుతున్నాయి అనుకోండి. బిందె క్షణంలో నిండుద్ది, క్షణంలో ఖాళీ అవుద్ది. డ్రమ్ముకి టైం పడుద్ది. సంపు అయితే నీళ్ళు ఎక్కువసేపు వస్తేనే నిండుద్ది, నిండాక వదలడానికీ గంటలు. చిన్న దరువు పడితే బిందె ఒక్కటే తడుస్తుంది, అందుకే రిలీజ్ తొందర. గొంతు సాగదీస్తే నీళ్ళు సంపు దాకా పోతాయి, అందుకే తోక పొడుగు. మూడింట్లో ఉన్న నీళ్ళు కలిపితే సెల్ కండక్టెన్స్, దాన్ని తిరగేస్తే రెసిస్టెన్స్, ఆ రెసిస్టెన్స్‌ని, దానికి 68కే కలిపితే వచ్చే మొత్తంతో భాగిస్తే గెయిన్.

పైథాన్‌లో ఫిట్ చేశా, మూడు బిందెలకి మూడు టైములు, మూడు వాటాలు. గీతలు నాలుగూ కూర్చున్నాయి. రెండు బిందెలతో ప్రయత్నిస్తే పది సెకన్ల గీత దగ్గర వంకర పోతుంది, నాలుగు పెడితే లాభం కనిపించలేదు.

మార్చి 9

పైథాన్‌లోంచి సీ ప్లస్ ప్లస్‌లోకి, ఆడియో ప్రోగ్రాములు కట్టుకునే జూస్ ఫ్రేమ్‌వర్క్ మీద, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో తగిలించుకునే వీఎస్‌టీ3 ప్లగిన్‌గా. అసలు సర్క్యూట్‌లో వెలుగుని తోలే సిగ్నల్ సెల్ తర్వాత నుంచి తీసుకుంటారు, అంటే తగ్గాక ఉన్న సౌండే ఇంకెంత తగ్గించాలో చెప్పుద్ది. సాఫ్ట్‌వేర్‌లో సౌండ్ అంటే సెకనుకి వేలసార్లు కొలిచిన నంబర్లు, ఒక్కో నంబరు ఒక శాంపిల్, ఇలాంటి లూపు ఉంటే అదే శాంపిల్‌లో జవాబు కావాలి, జవాబు రావాలంటే ముందు ఆ శాంపిల్ తెలియాలి. దీనికి పెద్ద పెద్ద సాల్వర్లు పెడతారు. నేను ఒక శాంపిల్ వెనకది వాడేశా. 48 కిలోహెర్ట్జ్‌లో ఒక శాంపిల్ అంటే 0.02 మిల్లీసెకన్లు, ఈ సెల్ కదలడానికే పది మిల్లీసెకన్లు, దాని ముందు ఇదెంత. ఇదే వెలుగు బదులు ట్రాన్సిస్టర్‌తో నడిచే 1176 అనే కంప్రెసర్ అయితే అటాకే 20 మైక్రోసెకన్ల నుంచి మొదలవుద్ది, అక్కడ ఈ దొంగదారి నడవదు.

మూడు బగ్గులు, మూడూ ఆ జ్ఞాపకం చుట్టూనే.

ఒకటి. 96 కిలోహెర్ట్జ్‌లో సంపు ఎప్పటికీ నిండట్లేదు, ఒక శాతం ముందే ఆగిపోతోంది. నాలుగు సెకన్ల టైముకి ఒక్కో శాంపిల్‌లో కలిపే వాటా ఎంత చిన్నదంటే ఏడు అంకెల దాకానే పట్టే ఫ్లోట్ అనే సంఖ్యలో కలిపితే ఆ కలిపిందే పోతోంది, బిందెలో చుక్క వేస్తే మట్టం కదలనట్టు. రెట్టింపు చోటు తీసుకునే డబుల్‌కి మార్చా, అయిపోయింది.

రెండు. పాట ఆపి, ప్రాజెక్టు అలాగే ఉంచి తినడానికి వెళ్ళా. తిరిగొచ్చేసరికి ఏ సౌండూ లేకుండా సీపీయూ మీటరు పైకెక్కి కూర్చుంది. సంపు ఖాళీ అవుతూ అవుతూ సున్నాకి మాత్రం చేరదు, ఇంకా ఇంకా చిన్నదవుతూ డీనార్మల్ అనే సూక్ష్మసంఖ్యల్లోకి దిగుతుంది, వాటితో ప్రాసెసరు నత్తలా లెక్కేస్తుంది. లెక్కేసి చూస్తే ఫ్లోట్‌లో అయితే నాలుగు సెకన్ల టైముకి దాదాపు ఆరు నిమిషాలు నిశ్శబ్దంగా ఉంటే చాలు. డబుల్‌కి మార్చాక ఆ గీత ఇంకా దూరం జరిగింది, నలభై ఏడు నిమిషాలకి, పోలేదు. నేను తిన్నది ఆదివారం భోజనం, పైగా కాస్త కునుకు. జూస్‌లో దీనికి ఒక్క లైను మందు ఉంది, పెట్టా.

మూడోదే దారుణం. ఎక్కడో ఒక చోట నెగటివ్ నంబరుకి ఘాతం వేస్తే నాన్ వచ్చింది, అంటే "సంఖ్య కానిది". అది బిందెలో పడింది. ఇంక దాంతో ఏం కలిపినా నాన్, దేంతో గుణించినా నాన్. జ్ఞాపకం లేని ప్లగిన్ అయితే ఒక టప్ శబ్దంతో పోయేది. నాది జ్ఞాపకం ఉన్న ప్లగిన్ కదా, ఆ విషం అలాగే ఉండిపోయి ట్రాకు మొత్తం మూగబోయింది. అది కూడా మావాడి రూమ్‌లో, కస్టమర్ ముందు. వాడు నన్ను ఫోన్లో ఏమన్నాడో ఇక్కడ రాయను.

మార్చి 22

తెలిసినవాళ్ళ ద్వారా ఒక స్టూడియోలో నిజమైన పెట్టె దగ్గర రెండు గంటలు దొరికింది, రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట దాకా, ఏసీ మాత్రం ఆపెయ్యమన్నారు. ముట్టుకుంటే పై రేకు వెచ్చగా ఉంది. నాబ్ తిప్పితే నూనె పెట్టిన తలుపులాగా బరువుగా, మెత్తగా తిరుగుద్ది, దీన్ని ఏ స్క్రీను మీదా నకలు తియ్యలేం.

ఫైళ్ళన్నీ ముందే తయారు చేసుకుపోయా. గట్టిగా ఉన్న టోను, వెంటనే 30 డీబీ తక్కువ టోను, తక్కువ దాని దగ్గర పలక ఆరిపోతుంది కాబట్టి సెల్ ఎలా కోలుకుంటుందో అదొక్కటే కనిపిస్తుంది. నా ఇంటి సెల్‌తో పోలిస్తే ఆ టీ4 మొదటి సగం చురుకు, తోక ఇంకా పొడుగు. కానీ గీత ఆకారం అదే, మూడు బిందెలే, సైజులే వేరు. ఇంటికొచ్చి నంబర్లు మళ్ళీ ఫిట్ చేశా, కోడ్‌లో ఒక్క లైనూ మార్చక్కర్లేకపోయింది. ట్యూబుల మూడు వారాలకి ఆ రాత్రి కాస్త ఊరట.

పక్కన ఇంకో మాట. ఆ స్టూడియో ఇంజనీరు గారు చెప్పారు, వాళ్ళ దగ్గర రెండు పెట్టెలున్నాయట, ఒకే కంపెనీవి, ఒకే నెలలో కొన్నవి, స్టీరియోగా కలిపితే ఒక పక్కకి లాగుతాయట. సెల్స్ అంతే, ఏ రెండూ ఒకలా ఉండవు. అది విని ఉత్సాహంతో "వయసు" అని మూడో నాబ్ పెట్టా, సంపు సైజు మార్చడానికి. రెండు రోజులు వాడి తీసేశా. ఈ పెట్టెని జనం ఇన్నేళ్ళు వదలకపోవడానికి కారణమే రెండు నాబ్‌లు. మూడోది పెట్టిన రోజు మావాడు పాట వినడం మానేసి ఆ నాబ్‌తోనే గంట కూర్చున్నాడు.

మార్చి 30

వాడి రూమ్‌లో వినే పరీక్ష. ముందు దప్పు. పది మిల్లీసెకన్లలో దెబ్బ దాటి వెళ్ళిపోతుంది, వెనక మోగే గుంయ్‌మనేది మాత్రమే తగ్గుద్ది, దానికి ఇది సరైన పరికరం కాదు, ఆ సంగతి ముందే తెలుసు. తర్వాత అక్క గొంతు. మిణుగురు ఆన్ చేశా.

"అరే, మస్తుందిరా! గొంతు ముందటికొచ్చింది."

ఆఫ్. "గిట్ల చప్పగైంది." ఆన్. "గిది, గిది కావాలె."

నాకు ఛాతీ రెండించులు పెరిగింది. ఇంటికి బయల్దేరేటప్పుడు చూసుకుంటే ఆన్‌లో ఉన్నప్పుడు అవుట్‌పుట్ 1.5 డీబీ ఎక్కువ ఉంది. ఎవరికైనా గట్టిగా ఉన్నదే బాగుంటుంది, ఇది ఈ ఫీల్డ్‌లో పాత మోసం, నేను తెలియకుండా నన్నే మోసం చేసుకున్నా. మళ్ళీ మెట్లెక్కి, లెవెల్ సమానం చేసి, వాడికి స్క్రీను కనపడకుండా పెట్టి పదిసార్లు మార్చి మార్చి వినిపించా. ఏడుసార్లు మిణుగురు అన్నాడు. ఏడు అంటే పెద్ద గెలుపేం కాదు, బొమ్మా బొరుసూ వేసినా అప్పుడప్పుడు ఏడు పడతాయి. కానీ అన్న ఏడుసార్లూ ఒకే చోట చెయ్యి ఎత్తాడు, పల్లవి అయిపోయి చరణం మొదలయ్యే ఆ సందులో. తోక ఉన్నది అక్కడే.

ఏప్రిల్ 6

పొద్దున్నే ఫోను. "నిన్న తీసిన ఎక్స్‌పోర్టు, ఇయ్యాల తీసిన ఎక్స్‌పోర్టు ఒక్క తీరు లేవు. నీ ప్లగిన్‌ల ఏదో తేడా ఉన్నది."

రెండు ఫైళ్ళు పంపమన్నా. ఒకదాని ప్లస్సూ మైనస్సూ తిరగేసి రెండో దానితో కలిపితే సున్నా రావాలి, చరణం మొదట్లో నాలుగైదు సెకన్లు రాలేదు, తర్వాత మెల్లిగా సున్నా అయింది. గంటసేపు కోడ్‌లో వెతికా. బగ్గు లేదు. నిన్న వాడు పాట మొదటి నుంచి ఎక్స్‌పోర్టు చేశాడు, ఇవాళ ఒక్క చరణం మాత్రమే సెలెక్టు చేసి తీశాడు. నిన్నటి చరణానికి ముందు పల్లవి ఉంది, సంపు నిండి ఉంది. ఇవాళ్టి చరణానికి ముందు ఏమీ లేదు, సెల్ చీకట్లోంచి వచ్చింది.

అసలు పెట్టె కూడా ఇలాగే చేస్తుంది, టేపు మధ్యలోంచి మొదలెడితే. ఇదే కదా నేను ఇన్నాళ్ళూ కష్టపడి పెట్టింది అని వాడికి చెప్తే వినే రకం కాదు. ప్లే నొక్కిన ప్రతిసారీ బిందెలన్నీ ఒకే మట్టానికి తెద్దామా అని కూడా ఆలోచించా, రెండు లైన్ల పని, కానీ అలా చేస్తే ప్లే నొక్కిన ప్రతిచోటా ఒక అబద్ధం వినిపిస్తుంది.

"చరణం కావాలంటే పల్లవి నుంచి తియ్యి, తర్వాత కత్తిరించుకో" అని చెప్పా.

"గది నాకెట్ల యాదికుంటదిరా?"

ప్లగిన్‌లో ఆన్ బటన్ కింద రాసి పెడతానన్నా. ఇవాళ ఆ లైను రాస్తున్నా, తెలుగులో, బటన్ కింద చిన్న అక్షరాల్లో: "పది సెకన్లు ముందు నుంచి మొదలెట్టు." జూస్‌లో తెలుగు ఫాంటు ఒత్తులు విడగొట్టి చూపిస్తోంది, దాని సంగతి వచ్చే వారం.